శాలువాలు చాలు, పాటలో వాటా ఏదీ?

జానపద కళాకారుడు వార్తల్లోకి ఎక్కాలంటే మన దగ్గర రెండే దారులున్నాయి. పాట వైరల్ కావాలి, లేదా కిడ్నీలు పాడవ్వాలి. వరంగల్ జిల్లా దుగ్గొండి పస్తం మొగిలయ్యకు రెండూ అయ్యాయి. 2023 మార్చిలో ‘బలగం’ సినిమా వచ్చింది. చివర్లో ఆయన, ఆయన భార్య కొమురమ్మ పాడుతుంటే థియేటర్లలో జనం వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ తర్వాత డయాలసిస్, నిమ్స్, నాయకుల పరామర్శలు, సాయం ప్రకటనలు. 2024 డిసెంబర్ 19న వరంగల్‌లో చికిత్స పొందుతూ కన్నుమూశారు. ఇదంతా మీకు తెలిసిందే.

నా కోపం మన మీడియా ఇలాంటి కథలను నడిపే తీరు మీద. మైకు మంచం దాకా తీసుకెళ్తారు. "ఇప్పుడు మీ పరిస్థితి ఏంటి? ఎవరైనా ఆదుకున్నారా?" అని అడుగుతారు. ఇంట్లో ఆడమనిషి కొంగు కళ్లకు అద్దుకునే ఫ్రేము దొరికితే చాలు, దాన్ని ఆపి థంబ్‌నెయిల్ చేస్తారు. కింద "దయనీయ స్థితిలో కళాకారుడు", "దాతలు ముందుకు రావాలి" అని పెద్ద అక్షరాలు. ఆ ఇంట్లో అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటుంది. మీ గొంతు ఇవాళ ఎక్కడెక్కడ మోగుతోంది, మోగిన ప్రతిసారీ పైసలు ఎవరి ఖాతాలో పడుతున్నాయి? ఈ ప్రశ్న వేసిన మైకు నాకు ఒక్కటి కూడా కనపడలేదు.

అవతల నాగర్‌కర్నూల్ వైపు కిన్నెర వాయించే మొగులయ్యదీ ఇదే వరస. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 మేలో కూలి పనిలో ఉన్న ఆయన వీడియో ఊరంతా తిరిగింది. మళ్లీ అవే ఫోన్లు, అవే పరామర్శలు. అంతకు కొన్ని నెలల ముందే, ఫిబ్రవరిలో, పద్మశ్రీలకు 25 లక్షల రూపాయలు, వాళ్లలో పేద కళాకారులకు నెలకు 25 వేల పెన్షన్ అని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించారు. మంచిదే, కాదనను. కానీ పెన్షన్ వేరు, ఆదాయం వేరు. పెన్షన్ ఇచ్చేవాళ్ల దయ మీద నడుస్తుంది. ఆదాయం మాత్రం పాట ఎవరు పాడారన్నదాని మీద నడవాలి.

ఇది నా సొంత కవిత్వం అనుకునేరు. చట్టంలోనే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో సవరణ చేసి, పాడేవాళ్లకు, ఆడేవాళ్లకు తమ ప్రదర్శన మీద ప్రత్యేక హక్కు ఇచ్చారు. ప్రదర్శనకారులంటే ఎవరో చెబుతూ నటులు, గాయకులు, నర్తకులతో పాటు దొమ్మరి విద్యలు చేసేవాళ్లను, పాములాడించేవాళ్లను కూడా చేర్చారు. 2012 సవరణ ఇంకో అడుగు వేసింది. సినిమాలో పాడతానని కళాకారుడు రాతపూర్వకంగా ఒప్పుకుంటే నిర్మాత ఆ సినిమాను వాడుకోవడానికి అడ్డు చెప్పలేడు. అయితే ఆ ప్రదర్శనను వ్యాపారానికి వాడినప్పుడు రాయల్టీకి మాత్రం అర్హుడే. పాడింది తానేనని పేరు వేయించుకోవడం కూడా హక్కే. ఈ ప్రదర్శన హక్కు 50 ఏళ్లు ఉంటుంది. అంటే మొగిలయ్య లాంటి కళాకారుడు పోయినా గొంతు మీద హక్కు ఇంటిది.

ఈ చట్టం ఎంత బలంగా పనిచేయగలదో ‘బలగం’ విషయంలోనే చూశాం. 2023 ఏప్రిల్‌లో ఉత్తర తెలంగాణ పల్లెల్లో పంచాయతీ ఆఫీసుల ముందు తెరలు కట్టి, చాపలు పరిచి, ఊరు ఊరంతా కూర్చుని ఆ సినిమా చూసింది. ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు చూశాక కలిశారని వార్తలు వచ్చాయి. అదే సమయంలో ఈ ప్రదర్శనలు ఆపించండని సినిమా వాళ్ల నుంచి నిజామాబాద్ పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది. ఓటీటీలో ఉన్న సినిమాను ఇలా ఊరికే వేస్తే నష్టం అన్నది వాళ్ల వాదన. విమర్శలు రావడంతో తర్వాత నిర్మాత దిల్ రాజు మెత్తబడ్డారు, అది వేరే సంగతి. ఆ ఫిర్యాదును నేను తప్పు పట్టను. పెట్టుబడి పెట్టిన మనిషి తన హక్కు అడిగాడు, న్యాయమే. నేననేది ఒక్కటే. ఊళ్లో తెర కడితే ఎవరి హక్కు పోతుందో పోలీసుల దాకా వెళ్లి చెప్పగలిగిన పరిశ్రమకు, అదే తెర మీద పాడేవాళ్ల హక్కు గురించి అంత వివరంగా చెప్పడం ఎందుకు రాదు?

సినిమా సంగతి నయం. అక్కడ కనీసం టైటిల్స్‌లో పేరు పడుతుంది. అసలు దోపిడీ యూట్యూబ్ ఫోక్ పాటల్లో ఉంది. వరంగల్, కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల చుట్టూ ఇవాళ ఇదొక పరిశ్రమ. పెళ్లి బరాత్‌లో డీజే పెడితే సగం పాటలు ఇక్కడివే. ఏదైనా ఒక వీడియో తెరిచి కింద డిస్క్రిప్షన్ చదవండి. మ్యూజిక్ ఫలానా, కెమెరా ఫలానా, ఎడిటింగ్, డీఐ, మేకప్, పోస్టర్ ఫలానా. డ్రోన్ ఎగరేసిన పిల్లగాడి పేరు ఉంటుంది. ఇల్లు షూటింగుకు ఇచ్చినాయన పేరు ‘సహకారం’ కింద ఉంటుంది. లిరిక్స్ దగ్గరికి వచ్చేసరికి ‘జానపదం’ అని ఒక్క ముక్క. మరీ మర్యాదస్తులైతే ‘సేకరణ’ అని రాసి పక్కన తమ పేరే వేసుకుంటారు. ఎవరి దగ్గర సేకరించారు? నాట్లేసే కాడ నలభై ఏళ్లుగా ఆ పాట పాడుతున్న ముసలామెకు ఒక పేరు లేదా?

హన్మకొండలో ఒక చిన్న స్టూడియోలో నేను చూశాను. పెద్దామెను ఆటోలో తెచ్చారు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. ఆమె పాడే వేగం బీట్‌కు కుదరట్లేదని మూడు నాలుగుసార్లు పాడించారు. చివరికి "అమ్మా, నువ్వు ఊరికే పాడు, మేం సెట్ చేసుకుంటం" అన్నారు. చాయ్ ఇచ్చారు, చేతిలో ఒక కవర్ పెట్టారు, మళ్లీ ఆటో ఎక్కించారు. ఒక కాగితం లేదు, ఒక సంతకం లేదు. సంతకం పెట్టించుకోకపోవడం అమాయకత్వం అనుకునేరు. కాగితం ఉంటే రేపు ఆమె మనవడు వచ్చి అడుగుతాడు.

యూట్యూబ్‌లో ఆడియో ఎవరిదో గుర్తుపట్టే కంటెంట్ ఐడి అనే ఏర్పాటు దీనికి పైన ఇంకో తాళం వేసింది. పాటను అందులో ఎక్కించిన లేబుల్‌దే, అంటే మ్యూజిక్ కంపెనీదే ఆ ఆడియో అని యూట్యూబ్ నమ్ముతుంది. ఊళ్లో జాతరకు ఆ రికార్డింగ్ మోగుతుంటే పాడినామె మనవడు ఫోన్‌లో తీసి పెట్టినా క్లెయిమ్ పడొచ్చు, ఆ వీడియో మీద వచ్చే యాడ్ పైసలు లేబుల్‌కు పోవచ్చు. పొలం కౌలుకిస్తే పంట పంటకూ కౌలు ముడుతుంది. గొంతు ఇస్తే మాత్రం ఒక్క కవర్‌తో సరి.

జానపదం అందరిదీ, దానికి సొంతదారెవరు, ఎవరికని వాటా ఇస్తాం అనేవాళ్లున్నారు. మేం తీసుకుని వీడియో చేయకపోతే ఆ పాట ఆ గూడెంలోనే చచ్చిపోయేది అని కూడా అంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. తరతరాల పాటకు కాపీరైట్ ఉండదు, ఎవరైనా పాడుకోవచ్చు. కానీ చట్టం ఇక్కడ మాట్లాడేది పాట గురించి కాదు, పాడిన మనిషి గురించి. అదే పాటను మీరు మీ గొంతుతో పాడుకోండి, ఎవరూ అడగరు. ఆమె గొంతు వాడుకున్నారు కాబట్టే అడుగుతున్నాం.

అడిగితే వస్తుందా అంటే, వస్తుంది. సినిమా పాటల రచయితలు ఒకప్పుడు ఇదే స్థితిలో ఉన్నారు. ఒక్కసారి చెక్కు తీసుకుంటే పాటకూ వాళ్లకూ సంబంధం తెగిపోయేది. హిందీ పాటల రచయిత జావేద్ అఖ్తర్ లాంటివాళ్లు కొట్లాడితే 2012 సవరణ వచ్చింది, రాయల్టీ వదులుకుంటున్నట్టు సంతకాలు పెట్టించుకునే ఆటకు అడ్డుకట్ట పడింది. మన హన్మకొండ కాసర్ల శ్యామ్‌కు ‘బలగం’లోని ‘ఊరు పల్లెటూరు’ పాటకే 71వ జాతీయ అవార్డు వచ్చింది. సంబరాలు చేసుకున్నాం, చేసుకోవాల్సిందే. ఆయనకు అవార్డుతో పాటు ఆ చట్టం అండ కూడా ఉంది. సినిమా గాయకులూ 2013లో ‘ఇస్రా’ అని హక్కుల సంఘం పెట్టుకుని రాయల్టీ వసూలు చేస్తున్నారు. ఆ పేరు పాటే బతుకైన మన బుడిగ జంగాల గూడేల్లోకి వెళ్లి చెప్పి చూడండి.

ఇక్కడే నాకు తెలంగాణ రాష్ట్రం మీద పెద్ద కంప్లయింట్ ఉంది. ఈ రాష్ట్రం పాటతో వచ్చింది. ధూంధాం పాటల సభలు లేకుండా ఉద్యమాన్ని ఊహించలేం. రాష్ట్రం వచ్చాక పాటకు చేసిందేంటి? సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు జీతాలిచ్చారు, పథకాల మీద పాటలు పాడించారు. ప్రభుత్వాలు మారాయి, పాటల్లో పథకాల పేర్లూ మారాయి. జీతం తీసుకునేవాళ్లను నేనేమీ అనను, వాళ్ల ఇంట్లో పొయ్యి వెలగాలి. కానీ కళాకారుడు ప్రభుత్వ ప్రచారానికి పనికొస్తే ఉద్యోగి, లేకపోతే వార్తల్లో బాధితుడు. ఈ రెంటికీ మధ్య తన పాట మీద తాను బతికే మనిషిగా అతన్ని ఏ ప్రభుత్వమూ చూడలేదు. ఒకప్పుడు సినిమాల్లో మన యాస విలన్లకూ పనోళ్లకూ పెట్టేవాళ్లని ఎంత బాధపడ్డాం! ఇప్పుడు హీరోలే మాట్లాడుతున్నారని చప్పట్లు కొడుతున్నాం. యాస అమ్ముడుపోతోంది. ఆ అమ్మకంలో మన పల్లెకు దక్కిందేమిటో లెక్క అడిగితే మాత్రం ఇరుకున పడ్డట్టు చూస్తారు.

పని చేయాలనుకుంటే వరంగల్‌లో వసతులకు కొదవ లేదు. తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఇక్కడే ఉంది. 2014లో శంకుస్థాపన చేసి, పదేళ్లు సాగదీసి, 2024 నవంబర్‌లో తెరిచిన కాళోజీ కళాక్షేత్రం ఉంది. అందులో సభలూ సన్మానాలూ ఎటూ జరుగుతాయి. ఒక్క గది కళాకారుల హక్కులకు ఇవ్వండి. ఒగ్గు కథ, చిందు, కోయ డోలు, శారద కథ పాడేవాళ్ల వివరాలు, ఎవరు ఏ పాట ఎక్కడ రికార్డు చేయించారో నమోదు చేయండి. తెలుగులో ఒక్క పేజీ అగ్రిమెంట్ తయారు చేయించండి. అందులో పాడినవాళ్ల పేరు, యూట్యూబ్ ఆదాయంలో వాటా, అదే పాట మళ్లీ ఎక్కడైనా పాడుకునే స్వేచ్ఛ రాసి ఉండాలి. ఒక వకీలు వారానికి ఒక రోజు కూర్చుంటే సరిపోతుంది. సన్మాన సభకు పెట్టే ఖర్చు కన్నా తక్కువే.

ప్రభుత్వం కదలడానికి టైం పడుతుంది. ఛానెళ్లు నడిపే తమ్ముళ్లకు అంత ఆలస్యం అక్కర్లేదు. పాత వీడియోకు రీషూట్ లేదు, డబ్బింగ్ లేదు. యూట్యూబ్ స్టూడియో తెరవండి, ఎడిట్ నొక్కండి, ‘సేకరణ’ పక్కన ఎవరి దగ్గరో వాళ్ల పేరు, ఊరు రాయండి. సాయంత్రానికి అయిపోయే పని. వాటా సంగతి మర్నాడు వాళ్ల ఇంటికి వెళ్లి మాట్లాడొచ్చు, ఈసారి కవర్‌తో పాటు కాగితం కూడా పట్టుకుని.