పిల్లల జైళ్లు ఖాళీ అవుతున్నాయి, లోపల మిగిలింది ఎవరి పిల్లలు?

2000వ సంవత్సరంలో అమెరికాలో ఏ రోజు లెక్క తీసినా లక్ష మందికి పైగా పిల్లలు జువెనైల్ నిర్బంధ కేంద్రాల్లో ఉండేవారు. 2022 నాటికి ఆ సంఖ్య 30 వేల లోపుకు దిగింది. ఈ మధ్యకాలంలో పిల్లలు చేసే నేరాలు తగ్గిన మాట నిజమే. అయితే అదొక్కటే కారణం కాదు. ఎందరో లాయర్లు, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు, చిన్నప్పుడే జైలుకెళ్లి పెద్దయ్యాక బయటికొచ్చినవాళ్లు ఏళ్ల తరబడి అసెంబ్లీల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగితేనే ఇంత మార్పు వచ్చింది. వాళ్ల పని మీద నాకు చాలా గౌరవం ఉంది. అందుకే వాళ్ల గెలుపులో మిగిలిపోయిన లోటు గురించి కూడా మాట్లాడాలనిపిస్తోంది.

ఆ లోటు ఇది. మొత్తం సంఖ్య ఇంతగా తగ్గినా, నల్లజాతి పిల్లవాడు నిర్బంధంలో ఉండే అవకాశం తెల్లజాతి పిల్లవాడి కంటే ఇప్పటికీ నాలుగు రెట్లకు పైగానే ఉంది. ఇరవై ఏళ్ల సంస్కరణ ఈ తేడాను తగ్గించలేకపోయింది. ఎందుకు? నాకు తోచిన కారణం ఒకటుంది. ఉద్యమకారులు కోర్టులో వయసు మాట ఎత్తి గెలిచారు. జాతి మాట ఎత్తినప్పుడు కోర్టు వినలేదు.

1987 నాటి మెక్‌క్లెస్కీ కేసు దగ్గర మొదలుపెట్టాలి. జార్జియా రాష్ట్రంలో మరణశిక్ష పడిన మెక్‌క్లెస్కీ అనే నల్లజాతి వ్యక్తి తరఫు లాయర్లు రెండు వేలకు పైగా హత్యకేసుల అధ్యయనాన్ని సుప్రీంకోర్టు ముందు పెట్టారు. చనిపోయినవారు తెల్లవాళ్లయితే నిందితుడికి మరణశిక్ష పడే అవకాశం 4.3 రెట్లు ఎక్కువని ఆ అధ్యయనం చెప్పింది. కోర్టు ఆ లెక్క తప్పని అనలేదు. కానీ మొత్తం మీద తేడా ఉంటే చాలదు, నీ కేసులో నీమీద ఎవరో కావాలని వివక్ష చూపించారని రుజువు చెయ్యి అంది. 5-4 మెజారిటీతో కేసు కొట్టేసింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ పావెల్ రిటైరయ్యాక, అవకాశం ఉంటే ఆ ఓటు మార్చుకునేవాడినని తన జీవితచరిత్ర రాస్తున్న ప్రొఫెసర్‌తో చెప్పారు. అప్పటికి చాలా ఆలస్యమైంది. మెక్‌క్లెస్కీని 1991లో ఎలక్ట్రిక్ కుర్చీలో కూర్చోబెట్టి చంపేశారు.

వివక్షను లెక్కలతో రుజువు చేసే దారి అలా మూసుకుపోయింది. దాంతో లాయర్లు మరో దారి వెతికారు. అలబామాలోని మాంట్‌గోమరీలో ఈక్వల్ జస్టిస్ ఇనీషియేటివ్ అనే సంస్థ పెట్టిన బ్రయాన్ స్టీవెన్సన్ ఈ దారిలో నడిచినవాళ్లలో ముఖ్యుడు. పదహారేళ్ల పిల్లాడి మెదడు ఇంకా పూర్తిగా ఎదగలేదని, ఆవేశం ఎక్కువ, ముందుచూపు తక్కువ అని, అదే పిల్లాడు పదేళ్ల తర్వాత మరో మనిషి కావచ్చని శాస్త్రం చెప్తోంది కదా అని వాదించారు. మనమూ ఉడుకు రక్తం అంటూనే ఉంటాం. మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెతను పిల్లల్ని కొట్టడానికి సాకుగా వాడతాం గానీ, మొక్క వంగుతుందనే నమ్మకం కూడా అందులోనే ఉంది. ఆ నమ్మకాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 2005లో పద్దెనిమిదేళ్ల లోపు చేసిన నేరాలకు మరణశిక్ష రద్దయింది. హత్య కాని నేరాలకు పిల్లలకు పెరోల్ లేని యావజ్జీవం, అంటే ఎన్నటికీ విడుదల కోరే వీల్లేని శిక్ష, వేయకూడదని 2010లో తీర్పు వచ్చింది. హత్యకేసుల్లో కూడా ఆ శిక్షను తప్పనిసరి చేయకూడదని 2012లో మిల్లర్ కేసులో కోర్టు చెప్పింది. ఆ కేసు వాదించింది స్టీవెన్సనే. 2016లో ఆ తీర్పు పాత ఖైదీలకూ వర్తిస్తుందన్నారు. ఆ కేసు వేసిన హెన్రీ మాంట్‌గోమరీ 1963లో, 17 ఏళ్ల వయసులో అరెస్టయిన నల్లజాతి మనిషి. 2021లో ఆయన బయటికొచ్చేసరికి 75 ఏళ్లు. తీర్పు గెలిచిన తర్వాత కూడా ఇంకో ఐదేళ్లకు పైగా లోపలే ఉన్నాడు.

ఈ తీర్పులు ఎందుకు అవసరమయ్యాయో తెలియాలంటే 1995కి వెళ్లాలి. ప్రిన్స్‌టన్‌లో పనిచేసే జాన్ డియూలియో అనే ప్రొఫెసర్ 'సూపర్ ప్రెడేటర్' అనే మాట వాడుకలోకి తెచ్చాడు. జాలీ దయా లేని పిల్లల తరం ఒకటి రాబోతోందని జోస్యం చెప్పాడు. పత్రికలు, టీవీలు ఆ మాటను పట్టుకున్నాయి. రాష్ట్రాలు వరసపెట్టి పిల్లల్ని పెద్దల కోర్టుకు పంపే చట్టాలు చేశాయి లేదా ఉన్నవాటిని బిగించాయి. ఆ మాట వినగానే జనానికి ఏ రంగు ముఖం గుర్తొచ్చేదో చెప్పక్కర్లేదు. తీరా చూస్తే ఆ తరం రాలేదు, పిల్లల నేరాలు పడిపోయాయి. చివరికి మిల్లర్ కేసులో పిల్లల పక్షాన కోర్టుకు సమర్పించిన ఒక వాదనపత్రం మీద డియూలియో కూడా సంతకం పెట్టాడు. తన తప్పు ఒప్పుకోవడం మంచిదే. ఆ చట్టాల కింద పెద్దల జైళ్లలో గడిచిపోయిన బాల్యాలు మాత్రం తిరిగి రావు.

తెలుగువాళ్లకు ఇది పరాయి కథ కాకూడదు. 1871లో మొదలైన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాల కింద బ్రిటిష్ ప్రభుత్వం కొన్ని కులాలు, తెగల మీద పుట్టు నేరస్తులనే ముద్ర వేసింది. ఎరుకల కుటుంబాలను తీసుకొచ్చి నిఘాలో ఉంచిన స్టూవర్టుపురం మన కోస్తాలోనే ఉంది. దేశమంతటా ఆ చట్టం 1952 నాటికి పోయింది. ఊరి పేరు చెప్తే ఎదుటివాళ్ల చూపు మారడం మాత్రం తర్వాత కూడా ఆ ఊరి పిల్లలు చాలాకాలం చూశారు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. మిల్లర్ తీర్పు శిక్షను నిషేధించలేదు, జడ్జి చేతికి విచక్షణ ఇచ్చింది. పిల్లవాడి నేపథ్యం చూసి నిర్ణయించండి అంది. ఎవరి పేరు మీద ఆ తీర్పు వచ్చిందో ఆ ఎవాన్ మిల్లర్‌కే 2021లో అలబామా జడ్జి మళ్లీ పెరోల్ లేని యావజ్జీవం వేశాడు. విచక్షణ అంటే అదే. నిజానికి జడ్జి దాకా రాకముందే అది చాలామంది చేతులు మారుతుంది. స్కూల్లో గొడవైతే ప్రిన్సిపల్ తల్లిదండ్రుల్ని పిలుస్తాడా, పోలీసును పిలుస్తాడా? పోలీసు హెచ్చరించి వదిలేస్తాడా, బేడీలు వేస్తాడా? ప్రొబేషన్ ఆఫీసర్ కౌన్సెలింగ్‌కు పంపుతాడా, కేసు రాస్తాడా? ఒక్కో మెట్టు దగ్గర కాస్త కాస్త తేడా వస్తే, చివరి మెట్టుకు అది కొండంత అవుతుంది. ఏ ఒక్కరూ కావాలని చేసినట్టు కనిపించదు. మెక్‌క్లెస్కీ తీర్పు అడిగిన రుజువు ఇక్కడ ఎన్నటికీ దొరకదు.

అందుకే ఈ రంగంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించే పని ఒక ఫారం మీద జరిగింది. ఓరెగాన్‌లో పోర్ట్‌లాండ్ నగరం ఉన్న మల్ట్‌నోమా కౌంటీలో, అరెస్టయిన పిల్లవాణ్ని ఇంటికి పంపాలా, విచారణ దాకా లోపల ఉంచాలా అని తేల్చడానికి మార్కుల పద్ధతి ఒకటి తయారు చేశారు. అలాంటి ఫారాల్లో మామూలుగా 'మంచి కుటుంబ నేపథ్యం' ఉందా అనే ప్రశ్న ఉంటుంది. తల్లి ఒక్కతే పెంచుతున్న ఇల్లు ఆ ప్రశ్న దగ్గరే ఓడిపోతుంది. దాని బదులు 'పిల్లవాణ్ని కోర్టుకు తీసుకొచ్చే బాధ్యత తీసుకునే పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా' అని అడిగారు. అమ్మమ్మ కావచ్చు, మేనమామ కావచ్చు, చర్చి పాస్టర్ కావచ్చు. గ్యాంగుతో సంబంధం ఉందా అనే ప్రశ్న తీసేశారు. ఫలానా పేటలో పుట్టిన నల్లజాతి పిల్లాడికి అది పుట్టుకతోనే అంటుకుంటుంది కాబట్టి. 1990ల మధ్యలో అక్కడ నల్లజాతి పిల్లలను, తెల్లజాతి పిల్లలను నిర్బంధించే రేట్ల మధ్య పెద్ద తేడా ఉండేది. 2000 నాటికి ఆ తేడా దాదాపు పోయింది. ప్రశ్నలు మార్చడంతో పాటు పోలీసులు, ప్రాసిక్యూటర్లు, డిఫెన్స్ లాయర్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చూసుకున్నారు. ఈ జాతి తేడాల మీదే పనిచేసే బర్న్స్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన జేమ్స్ బెల్ లాంటివాళ్లు ఈ పనినే కౌంటీ తర్వాత కౌంటీకి తీసుకెళ్లారు. జాతుల మధ్య తేడాను గమనించమని ఫెడరల్ చట్టం 1988 నుంచే రాష్ట్రాలకు చెప్తోంది. చాలా రాష్ట్రాలు లెక్కలు రాసి పంపి ఊరుకున్నాయి.

ఈ పని ఓపికతో చేయాల్సింది, టీవీలో కనిపించనిది. దానికి నిధులు రావడం కష్టం. ఒక పిల్లవాడి చావు తర్వాతే జనం కదులుతారు. న్యూయార్క్‌లో కలీఫ్ బ్రౌడర్‌ను బ్యాగు దొంగతనం ఆరోపణ మీద 2010లో 16 ఏళ్ల వయసులో పట్టుకున్నారు. అప్పట్లో ఆ రాష్ట్రం పదహారేళ్ల వాళ్లను పెద్దవాళ్లుగానే చూసేది. బెయిల్ 3,000 డాలర్లు. ఇంట్లో అంత డబ్బు లేదు. విచారణే జరగకుండా రైకర్స్ ఐలాండ్ జైల్లో మూడేళ్లు ఉన్నాడు, అందులో ఎక్కువ కాలం ఒంటరి గదిలో. కేసు కొట్టేశారు. బయటికొచ్చిన రెండేళ్లకు, 2015లో ఇంట్లోనే ప్రాణం తీసుకున్నాడు. ఆ వయసు పరిమితిని పద్దెనిమిదికి పెంచే చట్టాన్ని న్యూయార్క్ 2017లో చేసింది.

గెలిచింది నిలబడుతుందనే భరోసా కూడా లేదు. లూసియానా 2022లో జువెనైల్ కేంద్రాల్లోని కొందరు పిల్లల్ని అంగోలా అనే పెద్దల జైలుకు తరలించింది. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లే. అంగోలా ఒకప్పుడు బానిసల చేత సాగు చేయించిన తోట, పిల్లల్ని ఉంచింది పాత మరణశిక్ష ఖైదీల భవనంలో. ఫెడరల్ జడ్జి 2023 సెప్టెంబరులో వాళ్లను ఖాళీ చేయించమంటే గానీ కదలలేదు. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం పదిహేడేళ్ల వాళ్లందరినీ మళ్లీ పెద్దల కోర్టుకు పంపే చట్టం చేసింది.

మన దేశం ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత ఇదే మలుపు తిరిగింది. జస్టిస్ వర్మ కమిటీ 2013లో వయసు తగ్గించవద్దని చెప్పినా, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 16-18 ఏళ్ల పిల్లల్ని ఘోర నేరాల్లో పెద్దలుగా విచారించే దారి తెరిచింది. ఆ నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం పిల్లవాడికి ఉందా, దాని పర్యవసానాలు తెలుసా అని జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుగా అంచనా వేయాలి. ఇక్కడా విచక్షణే. బోర్డు ముందుకు పిల్లవాడి కుటుంబం, చదువు, స్నేహితులు, ఇరుగుపొరుగు గురించి ప్రొబేషన్ ఆఫీసర్ లాంటివాళ్లు రాసిన నివేదిక వస్తుంది. మల్ట్‌నోమా ఫారంలో మార్చిన ప్రశ్నల్లాంటివి ఈ నివేదికలో ఎన్ని ఉన్నాయో హైదరాబాద్‌లో, విజయవాడలో పిల్లల హక్కుల కోసం పనిచేసేవాళ్లు ఒక్కొక్కటిగా చూడాలి. 'తల్లిదండ్రుల అదుపు లేదు' అని రాసేముందు, ఆఫీసర్ ఇంటికి వెళ్లిన వేళకు ఆ తల్లి ఎవరింట్లో అంట్లు తోముతోందో కూడా అడిగి రాయాలి.