పేపర్ వేయించుకోవడానికి రెండేళ్ల ఫెలోషిప్పా?

మొన్న ఆర్కే బీచ్ దగ్గర మా తమ్ముడి ఫ్రెండ్ కలిశాడు, సముద్రం మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు, రెండేళ్లపాటు తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కెళ్లి బోటెక్కి నీళ్ల శాంపిల్స్ తెచ్చి రాసిన పేపర్ ఒక విదేశీ జర్నల్లో యాక్సెప్ట్ అయ్యిందట, ఆ వెంటనే ఏపీసీ కట్టమని మెయిలొస్తే కట్టలేక వెనక్కి తీసుకున్నాడట. ఏపీసీ అంటే పేపర్ అందరూ ఫ్రీగా చదవాలంటే రాసినవాళ్లు కట్టాల్సిన ఫీజు. 2020లో నేచర్ జర్నల్ చెప్పిన రేటు 9,500 యూరోలు, అప్పటి లెక్కలోనే ఎనిమిది లక్షల పైమాట. పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ నెలకి 37,000 రూపాయలు, తిండీ అద్దే మానేసి దాచినా రెండేళ్లు పట్టేస్తుంది! రాసినవాడికి పైసా రాదు, పేపర్ సరిగ్గా ఉందో లేదో రివ్యూ చేసిన ప్రొఫెసర్‌కీ మామూలుగా రాదు, మరి ఈ డబ్బంతా ఎవరికి?

చదివేవాళ్లూ రాసేవాళ్లూ ఇద్దరూ కట్టక్కర్లేని పద్ధతి ఉంది, డైమండ్ ఓపెన్ యాక్సెస్ అంటారు. ఖర్చు యూనివర్సిటీయో అకాడమీయో ప్రభుత్వమో పెట్టుకుంటుంది. మెక్సికోలో ఒక పబ్లిక్ యూనివర్సిటీ 2003 నుంచి రెడాలిక్ అని ఇలాంటి జర్నల్స్‌కి వేదిక నడుపుతోంది. అంతదూరం ఎందుకు, మన వైజాగ్‌లో చిన్నప్పుడు చదువుకున్న సీవీ రామన్ 1934లో బెంగళూరులో పెట్టిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఉంది కదా, దాని జర్నల్స్‌కి పేపర్ పంపితే ఫీజు లేదు, అకాడమీ సైట్లో ఎవరైనా చదువుకోవచ్చు.

2024 నవంబర్లో కేంద్రం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌కి, అంటే దేశం మొత్తానికీ కలిపి జర్నల్స్ చందా కట్టే స్కీమ్‌కి, మూడేళ్లకి 6,000 కోట్లు ఓకే చేసింది, దాదాపు 13,000 జర్నల్స్ చదవొచ్చు, మంచిదే, కాదనను. కానీ మొదటి దశ గవర్నమెంట్ సంస్థలకే, మన చుట్టూ ఉన్న ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు బయటే. పైగా చందా ఆపేస్తే మన చేతిలో ఏం మిగులుతుంది? అందులో చిన్న వాటా మన యూనివర్సిటీల జర్నల్స్‌కి ఇచ్చినా సొంత ఆస్తి తయారవుతుంది. జర్నల్ నడపడానికి వాడే ఓజేఎస్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ, ఖర్చయ్యేది మనుషుల టైమే, ఎడిటర్‌గా ఉన్న మేడం రిటైరైతే జర్నల్ మూతపడేది అందుకే, ఆవిడ పడ్డ శ్రమకి ప్రమోషన్లో విలువ ఇవ్వరు మరి.

ఫ్రీ అంటే క్వాలిటీ ఉండదనేవాళ్లకి ఒక మాట, 2019లో అమెరికా కోర్టు రీసెర్చర్లని మోసం చేసిందని 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమన్నది హైదరాబాద్ నుంచి నడిచిన ఒక జర్నల్స్ కంపెనీని, అది ఫీజులు గుంజిన కంపెనీయే.

మావాడిని ఈసారి అకాడమీ వాళ్ల ఎర్త్ సిస్టమ్ సైన్స్ జర్నల్‌కి పంపమన్నా. ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే ఆ జర్నల్ పేపర్లని మిగతావాళ్లు ఎంతగా ప్రస్తావిస్తారో చెప్పే స్కోరు, తక్కువని గైడ్ ఆలోచిస్తున్నారట.