ఎడ్డీని మళ్లీ కొనాలా?

ఫైటింగ్ వీడియో గేమ్‌లకు సీక్వెల్ వద్దు, ఉన్న గేమ్‌నే ఏళ్ల తరబడి అప్‌డేట్ చేస్తే చాలని ఒక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసకర్త మాటతో సగమే ఏకీభవిస్తాను. 2016లో 16 మంది ఫైటర్లతో, కంప్యూటర్ ప్రత్యర్థులతో వరుసగా తలపడే ఆర్కేడ్ మోడ్ కూడా లేకుండా వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 5 నిలదొక్కుకుంది అప్‌డేట్ల వల్లే. కానీ స్ట్రీట్ ఫైటర్ 6లోని డ్రైవ్ గేజ్ (దాడికీ, రక్షణకీ వాడుకునే శక్తి మీటర్) లాంటి మార్పు రావాలంటే కొత్త గేమ్ కావాల్సిందే.

నా బాధల్లా పాత పాత్రల గురించే. టెక్కెన్ అనే మరో ఫైటింగ్ సిరీస్‌లోని టెక్కెన్ 3లో కిక్ బటన్లు ఎడాపెడా నొక్కేసినా, కాళ్లు గాల్లో తిప్పుతూ ఎదుటివాణ్ణి లేవనివ్వని ఎడ్డీ అనే పాత్రంటే మాకు ప్రాణం. టెక్కెన్ 7 కొంటే అతనూ వచ్చాడు. 2024 జనవరిలో టెక్కెన్ 8 వస్తే అందులో లేడు, ఏప్రిల్‌లో డీఎల్‌సీగా, అంటే విడిగా కొనుక్కోవాల్సిన అదనపు కంటెంట్‌గా అమ్మారు. పూర్తిగా కొత్త పాత్రకు డబ్బు అడగండి, సంతోషంగా ఇస్తాం. మొన్నటి గేమ్‌లో ఉన్నవాడికి మళ్లీ వసూలు చేయడం మాత్రం అన్యాయం.