‘అఫ్రే’కి ‘కొట్లాట’ అని రాసి వదిలేస్తే సరిపోతుందా?

ఇంగ్లిష్-తెలుగు నిఘంటువుల్లో బ్రాల్ (brawl) అంటే కొట్లాట. స్కఫుల్ (scuffle) అంటే కొట్లాట. ‘అఫ్రే’ (affray) అన్నా కొట్లాటే. ఇలా అన్నింటికీ ఒకే అర్థం కట్టబెట్టి చేతులు దులుపుకుంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే అఫ్రే అనే మాట దెబ్బల్లోంచి పుట్టలేదు, భయంలోంచి పుట్టింది.

పాత ఫ్రెంచిలో భయపెట్టడం, కలవరపెట్టడం అనే అర్థమున్న క్రియ ఒకటి ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండును గెలిచిన నార్మన్ల ద్వారా అక్కడికి చేరి ‘అఫ్రే’ అయింది. మనం చిన్నప్పుడే నేర్చుకునే ‘అఫ్రెయిడ్’ దీని రూపమే. ‘ఐ యామ్ అఫ్రెయిడ్’ అంటే మొదట్లో ‘నన్ను బెదరగొట్టారు’ అని. భయపడ్డవాడి మాట అందరికీ తెలుసు, ఆ భయం పుట్టించిన మాటను మాత్రం కొట్లాటల జాబితాలో పడేశాం.

ఇంకా తవ్వితే మరీ ఆశ్చర్యం. ఆ ఫ్రెంచి క్రియకు మూలం లాటిన్ ‘ఎక్స్’, అంటే బయటికి, దానికి తోడు పాత జర్మానిక్ భాషల్లో శాంతి అనే మాట. శాంతిలోంచి మనిషిని బయటికి ఈడ్చేయడం! ఫ్రెడరిక్ పేరు మొదట్లో ఉన్నదీ ఆ శాంతే. ఫ్రెండ్, ఫ్రీ అనే మాటలదీ అదే కుదురు. అంతదాకా వెళ్తే సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న ‘ప్రియ’ కూడా దాని చుట్టమే.

ఇంగ్లిష్ చట్టం ఈ భయాన్ని మరిచిపోలేదు. 18వ శతాబ్దంలో ఇంగ్లిష్ న్యాయకోవిదుడు బ్లాక్‌స్టోన్ చెప్పిన ప్రకారం, ఇద్దరో అంతకంటే ఎక్కువమందో నలుగురు తిరిగే చోట కొట్టుకుని జనాన్ని హడలగొడితేనే అఫ్రే. అదే గొడవ నాలుగు గోడల మధ్య జరిగితే అది వట్టి దాడి. 1986లో అక్కడే వచ్చిన పబ్లిక్ ఆర్డర్ యాక్ట్ (శాంతిభద్రతల చట్టం) ఇంకో అడుగు ముందుకేసింది. ఒక్కడు చేసినా అఫ్రే కావచ్చు, ఇంట్లో జరిగినా కావచ్చు. దెబ్బ పడకపోయినా, చేతలతో బెదిరిస్తే చాలు, అయితే వట్టి మాటలు చాలవు. ఓ మోస్తరు గుండెధైర్యం ఉన్న మనిషి అక్కడ ఉంటే తనకేం హాని జరుగుతుందోనని భయపడేవాడా అన్నదే కొలత. ఆ మనిషి నిజంగా అక్కడ ఉండక్కర్లేదు కూడా. కొట్టినవాడి బలం గురించి కాదు, పక్కనున్నవాడి వణుకు గురించి అడుగుతుంది చట్టం. నాకు ఈ మాట మీద ఇంత ప్రేమ అందుకే.

దీన్నే కుదించి ‘ఫ్రే’ అన్నారు. (బట్ట అంచు పీచులు లేచే ‘ఫ్రే’ వేరు, అది రాపిడి అనే లాటిన్ మాట సంతానం.) ఎన్నికల వార్తల్లో ‘ఇన్ ద ఫ్రే’ అని రాస్తే మనం ‘బరిలో’ అంటాం. వార్తకు అది చక్కగా సరిపోతుంది, కాదనను. కానీ బరి అంటే గీసిన గీత, హద్దు. ఫ్రేకి హద్దే లేదు. అసలు అర్థంలో అది బరిలో ఉండటం కాదు, బరితెగించడం.

నిఘంటువులో ఒక్క ముక్క ఎక్కువ రాస్తే చాలు: ‘చూసేవాళ్లు హడలిపోయేలా కొట్టుకోవడం, లేదా కొట్టబోవడం.’