చేర్చడానికి ఫారాలు, తీసేయడానికి తాళం కప్పా?

2018 డిసెంబరు 7. తెలంగాణ శాసనసభ ఎన్నికల పోలింగ్. గంటసేపు వరుసలో నిలబడి, బల్ల మీది జాబితాలో వేలితో వెతుక్కుని, పేరు లేక వెనుదిరిగిన వారెందరో. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాలకూ అదే అనుభవం. గల్లంతైన ఓట్లకు నాటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ క్షమాపణ చెప్పారు. మర్యాదే. కానీ పోయిన ఓటు క్షమాపణతో తిరిగి రాదు.

జాబితాను శుభ్రం చేయొద్దని ఎవరూ అనరు. సొంతూళ్లో ఒక ఓటు, హైదరాబాద్‌లో మరొకటి ఉంచుకుని రెండుచోట్లా సిరా పూయించుకుంటే అది దొంగ ఓటే. మనవాళ్లే కదా అన్న మొహమాటం అక్కర్లేదు. రాజ్యాంగం 326వ అధికరణం ఓటు హక్కు ఇచ్చింది పౌరులకే. పేచీ అంతా రుజువు భారం ఎవరి నెత్తిన పెట్టాలన్న దగ్గరే.

2025లో బిహార్‌లో చేపట్టిన ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ ఆ భారాన్ని ఓటరు మీదికే నెట్టింది. 2003 జాబితాలో లేనివారు 11 పత్రాల్లో ఏదో ఒకటి చూపాలన్నారు. ఆగస్టు 1 నాటి ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. ఎవరి పేరు ఎందుకు పోయిందో చెప్పమని సుప్రీంకోర్టు ఆదేశించాకే ఆ వివరాలు బయటికొచ్చాయి. ఆధార్‌ను పన్నెండో పత్రంగా తీసుకోమనీ కోర్టే చెప్పాల్సి వచ్చింది. ముసాయిదాలో లేని ఆ 65 లక్షల మందిలో 22 లక్షల మంది చనిపోయారన్నది ఎన్నికల సంఘం లెక్క. లెక్క సరైనదే అయితే పేర్లు ముందే ప్రకటించడానికి అభ్యంతరమేమిటి?

పాలమూరు నుంచి కూలికి వలసపోయిన కుటుంబం ఇంటికి తాళం వేసే వెళుతుంది. ఆ తాళం కప్పను చూసి బూత్ స్థాయి అధికారి 'శాశ్వతంగా వెళ్లిపోయారు' అని రాసుకుంటే, పండక్కి ఊరొచ్చినవారికి ఇల్లుంటుంది, ఓటుండదు. ఆధార్‌లో లక్ష్మి, రేషన్ కార్డులో లక్ష్మమ్మ, ఓటరు కార్డులో పుట్టింటి ఇంటిపేరు ఉన్న ఇల్లాలు ముగ్గురు మనుషులు కాదని ఏ కంప్యూటర్ ఒప్పుకుంటుంది?

ఇప్పటికే జాబితాలో ఉన్నవారిని తేలిగ్గా అనుమానించరాదని 1995లోనే లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఊరు మారారనో, అర్హత లేదనో పేరు తీసేసే ముందు ఓటరు మాట వినాలని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ అంటోంది. అయినా 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో పేరు తీసేయమని కోరే ఫారం-7 దరఖాస్తులు గుట్టలుగా వచ్చి పడ్డాయి. పెట్టినట్లు పేరున్నవారే తమకేమీ తెలియదన్నారు. తప్పుడు ప్రకటనకు ఏడాది వరకు జైలు అన్న అదే చట్టం 31వ సెక్షన్, ఇలా ఇతరుల పేరుతో దొంగ దరఖాస్తులు పెట్టేవారి కోసమే.

తాళం ఉన్న ఇంటికి మరోసారి వెళ్లాలి. తొలగించిన ప్రతి పేరునూ కారణంతో సహా గ్రామ పంచాయతీ గోడకు అంటించాలి. అదీ పోలింగ్ ముందురోజు కాదు. కలెక్టరుకు అప్పీలు చేసుకోవడానికి ఉన్న 15 రోజుల గడువు ఇంకా చేతిలో ఉండగానే.