ఆవగింజంత సాక్షి

సిరొంచలో ప్రాణహిత ఒడ్డున మామ ఇల్లు. కోట అనే ఊరి పేరిట పిలిచే సున్నపురాతి పొరల మధ్య నుంచి తెచ్చిన మట్టిపెళ్లను జియాలజీ చదివే మేనకోడలు నానబెట్టి, రాతి వయసు, అప్పటి నీళ్ల సంగతి చెప్పే ఆవగింజంత చిప్పల కోసం సన్న జల్లెడ పట్టింది. మామకు అది నచ్చలేదు.

మామ: మన పోచంపల్లి దగ్గర దొరికిన బారాపాసారస్ అనే రాక్షసబల్లి బొక్కలు కలకత్తాలో నిలబెట్టారు. అంత పెద్ద సాక్షి ఉండగా ఈ ఆవగింజలెందుకు బిడ్డా?

కోడలు: బోరు వేసి తీసిన రాయిలో రాక్షసబల్లి దొరకదు కదా మామా! ఈ ఆస్ట్రకాడ్ దొరుకుతుంది. రొయ్యలకు చుట్టమే, రెండు చిప్పల మధ్య బతుకుతుంది. పెద్దదయ్యేలోగా ఏడెనిమిదిసార్లు చిప్ప విడుస్తుంది. ఒక్క ప్రాణి అన్ని గుర్తులు వదిలిపోతుంది.

మామ: మరి ఆ గుర్తులకు మాట మీద నిలకడేది? కోట రాతిలోని చేపలను చూసినవాళ్లు రాక్షసబల్లుల కాలమైన జురాసిక్‌లో తొలి భాగమన్నారు. 1975లో ఈ చిప్పలను చూసి మధ్య జురాసిక్ అన్నారు. ఒక్క రాయికి రెండు జాతకాలా?

కోడలు: అది ఒప్పుకుంటా. చిప్ప ఏళ్లు చెప్పదు, ఏ పొర ముందో ఏది వెనకో చెబుతుంది. ఏళ్ల లెక్క లావాలోని ఖనిజాలు తేల్చాలి. పైగా కోటవి మంచినీటివి. వాటిలో కొన్ని కోట్ల ఏళ్లయినా పెద్దగా మారవు.

మామ: ఒకప్పుడు సముద్రాలు ఎక్కడుండేవో కూడా ఇవే చెబుతాయంటావు. కొంగ కాళ్లకు అంటుకుని గుడ్లు ఊళ్లు దాటవా?

కోడలు: చెరువు వాటికి అది నిజమే, చాలావాటి గుడ్లు ఎండినా చావవు. సముద్రపు అడుగున పాకేవి అలా కాదు. వాటి పిల్లలు నీటిపై తేలుతూ దూరం పోలేవు, లోతు సముద్రం వాటికి గోడే. మజుంగెల్లా అనే రకం మడగాస్కర్‌లోనూ మన దేశంలోనూ దొరికిందంటే, మధ్యలో లోతులేని తీరం ఉండి ఉండాలి.

మామ: ప్రాణహిత వరద ఎక్కడి మట్టిని ఎక్కడ పోస్తుందో ఏటా చూస్తున్నా. ఈ చిప్పలూ అలా కొట్టుకొచ్చినవైతే?

కోడలు: అసలు టెన్షన్ అక్కడే మామా. పిల్ల చిప్పలూ పెద్ద చిప్పలూ కలిసి ఉంటే అవి అక్కడే బతికినట్టు. అన్నీ ఒకే సైజైతే నీళ్లు ఏరి తెచ్చినట్టు. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లా ఝిల్మిలీలో లావాల మధ్య పొరలో ఉప్పు కలిసిన నీటి ఆస్ట్రకాడ్లూ, సముద్రంలో తేలే ఫొరామ్‌లనే ఏకకణ చిప్పజీవులూ దొరికాయి. నర్మద, తాపి లోయల వెంట సముద్రం లోపలికొచ్చిందని 2009లో రాశారు.

మామ: నడి దేశంలోకి సముద్రమా? నేను నమ్మను.

కోడలు: నమ్మకు. ఇది చూడు.

తడి కుంచె మొనతో నల్లటి పళ్లెంలోకి చిప్పలు ఎత్తి పెట్టింది. మామ లెన్స్ కంటికి ఆనించి చాలాసేపు వంగే ఉన్నాడు.

మామ: పెద్దవి రెండు. దీనికి సగమున్నవి నాలుగు. ఇంకా చిన్నది... ఆగు, కదిలించకు. ఇవి కొట్టుకొచ్చినవి కావు బిడ్డా.