ఎసెక్స్‌ను ముంచింది ఉంగరం కాదు, ఇజారా

ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ పేరు, ఆమె దర్బారులోని ఎసెక్స్ ప్రభువు రాబర్ట్ డెవెరూ పేరు కలిపి ఎత్తితే చాలు, ఎవరో ఒకరు ఆ ఉంగరం కథ అందుకుంటారు. రాణి ఇచ్చిన ఉంగరం, చావు ముందు అతను పంపడం, మధ్యలో ఒకావిడ దాచేయడం, ముసలి రాణి కుమిలిపోవడం. ఇక ఆపండి బాబూ. తర్వాతి కాలం వాళ్లు అల్లిన కట్టుకథ అది. ఇతన్ని ముంచింది పచ్చి డబ్బు లెక్క.

తీపి వైన్ల దిగుమతి సుంకం ఇజారా, అంటే ఆ సుంకం వసూలు చేసుకునే గుత్త హక్కు, ఇతనిది. ఖజానాకు ఏటా కట్టాల్సింది ఖాయం, వసూళ్లలో మిగిలింది సొంతం. ఆ రాబడిని చూసే అప్పులు పుట్టేవి, అప్పులతోనే అనుచరగణం నడిచేది. గడువు 1600 సెప్టెంబరు ఆఖరు వరకే. పొడిగించడం, పొడిగించకపోవడం రాణి చిత్తం.

ఇంత తెలిసీ దర్బారు వదిలి యుద్ధాలకు పరిగెత్తాడు. 1596లో ఈయన స్పెయిన్ రేవు పట్నం కాడిజ్‌లో వీరత్వం చూపిస్తుంటే ఇక్కడ దర్బారులో ప్రత్యర్థి రాబర్ట్ సెసిల్ రాజ్య కార్యదర్శి అయ్యాడు. 1599లో ఈయన ఐర్లండ్‌లో ఉండగా మైనర్ వారసుల ఆస్తులు చూసే పదవి, కాసులు కురిసే పదవి, అదీ సెసిల్‌కే పోయింది.

ఆ ఐర్లండ్‌లో చేసిందేమిటి? సుమారు 16,000 కాల్బలం, 1,300 గుర్రాలు ఇచ్చి పంపారు. ఉత్తరాన అల్‌స్టర్‌లో ఉన్న ఐరిష్ తిరుగుబాటు నాయకుడు టైరోన్ మీదికి పోకుండా దక్షిణాన తిరిగాడు. కోటల కాపలాకు కొందరు, రోగాలకు కొందరు, పారిపోయినవాళ్లు కొందరు. ఆగస్టు చివరికి వెంట నడవగలిగింది నాలుగు వేల లోపే. సెప్టెంబరు 7న నది దాటే ఒక రేవు దగ్గర టైరోన్ గుర్రం పొట్టదాకా నీళ్లలో నిలబడింది, ఈయన గట్టు మీద. అరగంట మాట్లాడుకున్నారు, వినడానికి పక్కన ఒక్క సాక్షి లేడు! సంధి చేసుకుని, రావద్దన్న ఆజ్ఞ కాదని, సెప్టెంబరు 28 పొద్దున బురద బట్టలతో నాన్‌సచ్ భవనంలో రాణి పడకగదిలోకి దూసుకెళ్లాడు. ఆవిడ ఇంకా జుట్టు కూడా సర్దుకోలేదు. అందరూ ఈ పడకగది గురించే చెప్పుకుంటారు. నన్నడిగితే కొంప ముంచింది ఆ రేవే. శత్రువుతో ఏం మాట్లాడావంటే చూపించడానికి సాక్ష్యమేదీ?

గృహనిర్బంధం, విచారణ, పదవుల నిలుపుదల. తర్వాత ఇజారా పొడిగించకుండా రాణి తన చేతిలోనే ఉంచుకుంది. అప్పులవాళ్లు ఊరుకుంటారా?

1601 ఫిబ్రవరి 8, ఆదివారం. రాణి తరఫున వచ్చిన నలుగురు పెద్దల్ని తన ఇంట్లోనే బంధించి, మూడొందల మంది లోపు జనంతో తిరుగుబాటుకు బయల్దేరాడు. రాణి ఉన్న వైట్‌హాల్ భవనం పడమటి దిక్కున ఉంటే ఈయన తూర్పుకు, లండన్ నగరంలోకి నడిచాడు. నగర అధికారి షెరీఫ్ స్మిత్ వెయ్యిమందిని ఇస్తాడని ఆశ. ఆ స్మిత్ పెరటి దారిన జారుకున్నాడు. వీధిలో ఒక్కడూ కలవలేదు. ఈలోగా ద్రోహి అని చాటింపు. తిరుగు దారిలో లడ్‌గేట్ అనే నగర ద్వారం మూసేసి ఉంటే పడవెక్కి ఇంటికొచ్చి, కాగితాలు తగలబెట్టి, రాత్రికి లొంగిపోయాడు. 19న విచారణ, 25న లండన్ టవర్ కోటలో శిరచ్ఛేదం. మూడు వేట్లు పడ్డాయి. వయసు 35.

ఇతనితో పాటే మరణశిక్ష పడి, ప్రాణాలు దక్కించుకుని టవర్‌లో ఉండిపోయిన సౌతాంప్టన్ ప్రభువును 1603లో కొత్త రాజు జేమ్స్ విడిపించాడు. ఆ తీపి వైన్ల ఇజారా అతనికే రాసిచ్చాడు.